సిటాబ్రియాతో 6 ఏళ్లు: తోక చక్రంతో నా పేచీ

టెక్సస్‌లో మేం ముగ్గురం కలిసి పాత సిటాబ్రియా 7ఈసీఏ అనే రెండు సీట్ల చిన్న విమానం కొని 6 ఏళ్లయింది. స్పీడెంత, గంటకు ఎంత పెట్రోలు తాగుతుంది లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నా. నా గొడవంతా తోక కింద ఉండే చిన్న చక్రంతోనే.

కొత్తలో తోక చక్రం విమానం కష్టమా అని ఎవరడిగినా "ఏముందండీ, 10 గంటలు ట్రైనింగ్ తీసుకుంటే చేతికొచ్చేస్తుంది" అనేవాణ్ణి. ఆ 10 గంటలూ పచ్చగడ్డి రన్‌వే మీద, గాలి లేని పొద్దుటిపూటల్లో అని మాత్రం చెప్పలేదు. గడ్డి మీద టైరు కాస్త జారి మన తప్పును మింగేస్తుంది. తారు మింగదు.

ట్రాక్టరు ట్రాలీని రివర్స్‌లో తోలినవాళ్లకు దీని గుణం ఇట్టే అర్థమవుతుంది. విమానం బరువు ముందున్న రెండు ప్రధాన చక్రాలకు వెనక ఉంటుంది. ముక్కు రవ్వంత పక్కకు తిరిగిందా, వెనకున్న బరువు ముందుకు వచ్చేయాలని చూస్తుంది, ఆ తిరుగుడు ఇంకా పెరుగుతుంది. తోకకు బదులు ముక్కు కింద చక్రం ఉండే సెస్నా 172 లాంటి విమానాల్లో బరువు ప్రధాన చక్రాలకు ముందుంటుంది కాబట్టి కాస్త వంకరగా దిగినా అదే సర్దుకుంటుంది. ఇదంతా నాకు థియరీలో తెలుసు. పరీక్షలో రాసేవాణ్ణి కూడా.

మూడో ఏడు, ఒక మధ్యాహ్నం. తారు రన్‌వే, ఎడమ పక్క నుంచి 10 నాట్ల (గంటకు 18 కి.మీ. పైచిలుకు) దాకా గాలి. మూడు చక్రాలూ ఒకేసారి ఆనాయి, నా జన్మలో అంత మెత్తగా దించలేదు. వెనక సీట్లో ఫ్రెండు "సూపర్ బ్రో" అన్నాడు. నేనూ ఊపిరి వదిలాను, దాంతోపాటే విమానాన్ని పక్కలకు తిప్పే పెడళ్ల మీద కాళ్లూ వదులయ్యాయి. చూస్తుండగానే ముక్కు ఎడమకు, గాలికి ఎదురుగా, మెల్లగా జరిగింది. కుడి పెడల్ తొక్కాను, చాల్లేదు. పూర్తిగా తొక్కేసరికి తోకలో "టక్" మని వినిపించింది, ఆ తర్వాత పెడల్‌కీ తోకకీ సంబంధం లేదు. రన్‌వే పక్క దీపాలు అద్దం ముందు నుంచి గిర్రున వెళ్లిపోయాయి. కుడి రెక్క కొస నేలను గీకింది. ఆగేసరికి మేం వచ్చిన దారినే చూస్తున్నాం.

ఎవరికీ ఏమీ కాలేదు. ప్రొపెల్లర్ నేలకు తగల్లేదు కాబట్టి ఇంజన్ విప్పించే ఖర్చు తప్పింది. రెక్క కొస గుడ్డ చిరిగింది, లోపలి చట్రం వంగింది.

తోక చక్రం విప్పాక తెలిసింది. ఇరుకు జాగాలో తిప్పడానికి ఈ చక్రం కొంత కోణం దాటితే లాక్ వదిలి స్వేచ్ఛగా తిరుగుతుంది, అది దాని పనే. మాదాంట్లో లాక్ అరిగిపోయి, ఆ కోణానికి ముందే వదిలేస్తోంది. ఏటా తనిఖీలో ఎవరూ పట్టుకోలేదని నాకిప్పటికీ కడుపుమంట. అయితే నిజం చెప్పాలంటే, కాళ్లు వదులు చేసింది నేనే. లాక్ బాగున్నా ముక్కు జరిగేది, కాకపోతే సర్దుకునే టైముండేది.

ఇప్పుడు ఎగిరిన ప్రతి 25 గంటలకీ నేనే ఆ చక్రానికి గ్రీజు పెడుతున్నా, స్ప్రింగులూ గొలుసులూ చూస్తున్నా. దిగాక హ్యాంగర్ ముందు ఇంజన్ ఆపేదాకా కంట్రోల్ కర్రను పొట్టకానించి పట్టుకుంటా, కాళ్లు కదుపుతూనే ఉంటా. అనుకోని లాభం ఒకటుంది: అద్దెకు తీసుకున్న 172ను కూడా ఇప్పుడు రన్‌వే నడిమి గీత మీదే దించుతున్నా.

మీరు ఇలాంటిది కొనాలా? మాకు దగ్గర్లో గడ్డి రన్‌వే ఉంది, నేను వారానికి రెండుసార్లైనా ఎగురుతాను, పిల్లలు పెద్దవాళ్లయిపోయారు. నలుగురితో ప్రయాణాలు కావాలన్నా, నెలకోసారి ఎగిరినా నా మాట మీకు పనికిరాదు. మా ముగ్గురిలో ఒకాయన అయితే ఆ రోజు నుంచి దాంట్లో ఎక్కలేదు. తన వాటా అమ్మేస్తానంటున్నాడు. ఆ వాటా నేను కొనాలా వద్దా అని ఇంట్లో ఇంకా నడుస్తోంది.