చర్చిల్‌కి ఏ నెలలో వెళ్తే మంచిది?

కెనడాలోని మానిటోబాలో, హడ్సన్ బే ఒడ్డున ఉన్న చర్చిల్‌కి రోడ్డు లేదు. మానిటోబా రాజధాని విన్నిపెగ్ నుంచి విమానమైతే రెండున్నర గంటలు. రైలైతే దాదాపు 1,700 కిలోమీటర్లు, రెండు రాత్రులు. అదీ వారానికి రెండుసార్లే. దారిలోని థాంప్సన్ ఊరి దాకా కారులో వెళ్లి రైలెక్కితే ఒక్క రాత్రితో పోతుంది. ఉత్తరాన పట్టాలు చిత్తడి మీద, గడ్డకట్టిన నేల మీద ఉంటాయి. పైపొర కరిగితే కుంగుతాయి కాబట్టి బండి నెమ్మదిగా వెళ్తుంది, గంటలకొద్దీ ఆలస్యం మామూలే. 2017 వరదల్లో లైను కొట్టుకుపోతే ప్రయాణికుల రైలు 2018 డిసెంబరులోగానీ తిరిగి రాలేదు. అందుకే చేరే రోజున ఏ టూరూ బుక్ చేయకండి.

ధ్రువపు ఎలుగులే కావాలంటే అక్టోబరు, నవంబరు. చర్చిల్ నది మంచినీరు కలిసేచోట సముద్రం ముందే గడ్డకడుతుంది. సీళ్ల వేట కోసం ఎలుగులు అక్కడికే చేరతాయి. టండ్రా బగ్గీ (ఎలుగుల్ని చూపించే, పెద్ద చక్రాల ఎత్తైన బండి), గది రెండూ ఏడాది ముందే పట్టుకోవాలి, ఖర్చూ చాలా ఎక్కువ.

మా ఓటు మాత్రం జులై, ఆగస్టులకే. నదీముఖంలోకి బెలూగా తిమింగలాలు వేలల్లో వస్తాయి. తెల్లటి తల్లి పక్కన బూడిదరంగు పిల్ల అంటుకుని ఈదుతుంటుంది. చాలా తిమింగలాల్లా కాదు, మెడ తిప్పి పడవవైపు చూస్తాయి. 18వ శతాబ్దపు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ రాతికోటకీ పడవలోనే వెళ్లాలి. ఆటుపోట్లనిబట్టి సమయం మారుతుంది, గాలి ఎక్కువైతే రద్దవుతుంది. దోమలకి తలవల తప్పనిసరి.

ఒడ్డున బండల మధ్య ఒంటరిగా నడవకండి. ఎలుగు చాటున పడుకుని ఉంటే దగ్గరికెళ్లేదాకా కనపడదు. ఇక్కడివాళ్లు కార్లకి తాళం వేయకపోవడం కూడా ఎవరైనా పరుగెత్తుకొచ్చి దూరడానికే.

శాకాహారులు అటుకులు, పులిహోర పొడి తీసుకెళ్లండి. సరుకంతా దూరం నుంచి రావాలి కాబట్టి కూరగాయలు ప్రియం.

ఇట్సానిటాక్ మ్యూజియంలో వాల్రస్ దంతంతో, ఎముకతో, రాతితో ఇన్యుట్‌లు చెక్కిన బొమ్మలకి కనీసం రెండు గంటలు ఉంచుకోండి. డ్రైవరుని అడిగి డెనె విలేజ్ దగ్గర తప్పక ఆగండి. 1956లో సయిసి డెనె అనే ఆదివాసీ ప్రజలని వాళ్ల వేటనేల నుంచి ప్రభుత్వం బలవంతంగా చర్చిల్‌కి తెచ్చి పడేసింది. చలికి, ఆకలికి, హింసకి ఎంతోమంది పోయారు. మిగిలినవాళ్లు 1973లో టడూల్ లేక్‌కి వెళ్లిపోయారు. కేంద్రం క్షమాపణ చెప్పింది 2016లో.