ఫుల్ టాంగ్ అని అమ్ముతున్న నేపాల్ కుక్రీలతో జాగ్రత్త, పిడి లోపల ఏముందో చూసి కొనండి

ఆన్‌లైన్‌లో కుక్రీ, అంటే నేపాలీల వంపు కత్తి, తెప్పించుకోవాలనుకునేవాళ్ళు, పశుపతినాథ్ దర్శనానికి కాఠ్మాండూ వెళ్ళి అక్కడి బజార్లో కొనాలనుకునేవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

"ఫుల్ టాంగ్, చేత్తో చేసినది" అని చూసి నేను ఒకటి తెప్పించాను. ఫుల్ టాంగ్ అంటే కత్తి ఇనుమే పిడి వెడల్పున దాని చివరిదాకా సాగడం. తోటలో ఎండుకొమ్మలు కొడుతుంటే పిడి కదిలింది. వెంటనే ఆపేసి, పిడి విప్పించి చూశాను. ఇనుము పిడిలోకి బొటనవేలంత మాత్రమే దిగింది! అక్కడి నుంచి చివరిదాకా రెండు కొయ్యచెక్కల మధ్య పల్చటి రేకు పెట్టి జిగురుతో అంటించారు. బయటికి మాత్రం ఇనుము పిడి చివరిదాకా ఉన్నట్టే కనిపిస్తుంది. రివెట్లు కూడా ఉత్త మేకు తలలే, ఒక్కటీ అటు నుంచి ఇటు దాటలేదు. అర కిలో పైన తూగే కత్తి, విసురు మీద ఉన్నప్పుడు పిడిలోంచి ఊడితే ఎవరికి తగిలేదో తలచుకుంటేనే టెన్షన్ వస్తోంది.

అమ్మినవాళ్ళని అడిగితే "సంప్రదాయ పద్ధతి ఇంతేనండీ" అన్నారు. నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఆ మాటే.

నేపాల్లో పిడి బిగించే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకదాంట్లో ఇనుము సన్నని కడ్డీలా సాగి పిడి లోపలికి దిగుతుంది. మంచి పనిలో అది పిడిని దాటి అడుగునున్న లోహపు బిళ్ళలోంచి బయటికి వస్తే, ఆ కొసను సుత్తితో కొట్టి అణుస్తారు. లోపల ఖాళీని లాహా నింపుతుంది. లాహా అంటే లక్కలాంటి జిగురే, వేడి చేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. మన దేశంలో పాత తల్వార్ల పిడులు బిగించిందీ ఇలాంటి పద్ధతిలోనే. ఇది నాసిరకం పని కాదు, తరతరాలు నిలిచిన కుక్రీలు ఎన్నో ఇలా చేసినవే. కానీ దాన్ని ఫుల్ టాంగ్ అనరు.

రెండోది పానావాల్. అసలైన ఫుల్ టాంగ్ ఇదే. కత్తి ఇనుమే పిడి ఆకారంలో వెడల్పుగా సాగుతుంది. దానికి రెండు పక్కలా శిశూ కొయ్య చెక్కలో, గేదె కొమ్ము చెక్కలో పెట్టి, మూడింటినీ కలిపి రివెట్లు దిగ్గొడతారు. పిడి పైఅంచునా కింది అంచునా ఇనుము కనిపిస్తూ ఉంటుంది. కాల్చిన కత్తికి నీరు పట్టి గట్టిపరిచేటప్పుడు కామీలు, అంటే నేపాల్ కమ్మరులు, కెటిల్‌తో నీళ్ళు పదును అంచు మీదే పోస్తారు, అందుకని వెనక భాగమూ పిడిలోని ఇనుమూ కాస్త మెత్తగా ఉండి దెబ్బ తట్టుకుంటాయి. ఇంత పనితనం ఉన్న కామీల పేరు చెప్పి రేకు అంటించినది అమ్మడం వాళ్ళకీ అన్యాయమే.

మోసం దాక్కునేది అలుగు (పిడి బయట ఉండే కత్తి భాగం), పిడి కలిసే చోట ఉండే లోహపు పట్టీ కింద. అక్కడ ఇనుము ఆగిపోయినా కంటికి కనపడదు. అందుకే పట్టీ దాటాక అంచులో కనిపించే ఇనుము మందం చూడండి. కుక్రీ వీపు బాగా మందంగా ఉంటుంది. పిడి చివరికి పోయేకొద్దీ ఇనుము కొంత పలచబడటం మామూలే. పట్టీ దాటగానే ఒక్కసారిగా రేకంత అయిపోతే మాత్రం వదిలేయండి. రివెట్లు రెండు పక్కలా ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయో లేదో కూడా చూడండి. ఆర్డర్ మీద చేసిచ్చేవాళ్ళయితే చెక్కలు బిగించకముందు తీసిన ఫొటో అడగండి. నిజంగా చేసేవాళ్ళకు అది పెద్ద పని కాదు. నేను అడిగితే నాకు వచ్చింది డిస్కౌంట్ కూపన్.

కొమ్ము పిడి తీసుకునేవాళ్ళకు ఇంకో మాట. పొడి ఎండలకు కొమ్ము కుంచించుకుని సందులు పడుతుంది, ఒక్కోసారి పగుళ్ళిస్తుంది. లాహా పెట్టినదైతే మే నెలలో కారు డిక్కీలో అసలు వదలకండి.

ఇప్పటికే కొన్నవాళ్ళు ఒక చేత్తో పిడిని, గుడ్డ చుట్టి ఇంకో చేత్తో అలుగు వీపును పట్టుకుని కొద్దిగా అటూ ఇటూ ఆడించి చూడండి. ఏమాత్రం కదిలినా, టకటక చప్పుడొచ్చినా దాంతో కొట్టడం ఆపేసి కమ్మరి దగ్గర పిడి విప్పించండి. విప్పేటప్పుడు ఫొటోలు తీసి పెట్టుకోండి, డబ్బు వెనక్కి అడిగితే ముందు అడిగేది వాటినే.