జెలటిన్ కొంటున్నరా? పాకెట్ మీద పచ్చ చుక్క ఉంటే ఆగుండ్రి

గుడ్ ఫ్రైడే నాడు ప్రభు బల్లకు కావాల్సిన ద్రాక్షరసం మా సంఘంలో ఏటా నేనే కాస్త. ఈసారి నాలుగు లీటర్ల రసం పారబోసిన. నల్లగొండలో బేకరీ సామాన్ల దుకాణాల్లో విడి పాకెట్లు కొనేటోళ్లు ఇది చదవండి.

ఎంత వడగట్టినా రసం మసకగనే ఉంటది. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఇంట్లో బీరు చేసుకుంటడు, అక్కడ దానికి చట్టం ఒప్పుకుంటది. 20 లీటర్ల బీరు తేరనీకి ఒక చెంచా జెలటిన్ (జెల్లీ గడ్డకట్టనీకి వాడే పొడి) చాలంటడు. చల్లనీళ్లలో నానేస్తే ఉబ్బుతది, వేడినీళ్లలో కరుగుతది, మరిగించొద్దు. ఫ్రిజ్‌లో పెట్టిన రసంలో పోస్తే అందులోని వగరును పట్టుకొని రెండు రోజుల్లో అడుక్కు దిగుతది. పైన తేట వంచుకోవాలె.

నేను జెలటిన్ అని కొని తెచ్చిన పొడి నానలేదు, వేడికి కరగలేదు. దుకాణానికి ఫోన్ చేస్తే, "బాగ మరిగించమ్మా, ఇంకో రెండు చెంచాలెయ్యి" అన్నడు. ఆయన మాట నమ్మిన. చల్లటి రసంలో పోసుడే ఆలస్యం, పోగులు పోగులుగ గడ్డకట్టింది. బట్టలో వడగడితే బట్టే మూసుకుపోయింది.

అది జెలటిన్ కాదు, చైనా గ్రాస్. సముద్రపు నాచుతో చేస్తరు, బాగా మరిగితేనే కరుగుతది. జెలటిన్ పశువుల తోలు, ఎముకలతో చేసేది కాబట్టి దాని మీద మాంసాహారం గుర్తు ఉండాలె. నా పాకెట్ మీదేమో పచ్చ చుక్క! అది చూసుకోకపోవుడు నా పొరపాటే. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు లేదు, తేదీ లేదు, జెలటిన్ అని కాగితం ముక్క మాత్రం అతికించి ఉంది. ఇదే తారుమారు అటుదిటైతే? మాంసం ముట్టనోళ్లు తెలియక జెలటిన్ తింటరు. నాకు కోపమొచ్చింది అందుకే.

అడగపోతే పైసలియ్యలేదు. పైగా, "పక్క ఎలక్ట్రికల్ షాపులో బెంటొనైట్ దొరుకుతది, అదేస్తే తేరుతది" అని పంపిండు. బెంటొనైట్ మట్టితో రసాలు తేర్చేది నిజమే, కానీ అది తినేవాటికని తయారుచేసింది కావాలె. ఆ షాపులో చూపించింది ఎర్తింగ్ గుంతలో పోసే సంచి. అందులో ఇంకేం కలుపుతరో ఎవరికెరుక? దయచేసి అది మాత్రం తాగేదాంట్లో వెయ్యకుండ్రి.

కొన్నాక ఒక చిటికెడు వేడినీళ్లలో వేసి చూడండి. మరిగేదాకా కరగకుంటే వాపస్ ఇయ్యుండ్రి. బిల్లు తప్పక తీసుకోండి. నా దగ్గర బిల్లు ఉంది కాబట్టే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయగలిగిన.

శుక్రవారానికి మళ్లీ ద్రాక్ష తెచ్చి కాచిన. మసకగనే పట్టుకపోయిన.