గర్భంతో ఉండగా షుగర్: పథ్యమా, మాత్రా, ఇన్సులినా? ఏది మేలు?

రెండు కాన్పుల్లోనూ నాకు షుగర్ వచ్చింది. మొదటిసారి తిండి మార్చుకుంటే సరిపోయింది. రెండోసారి మాత్ర వేసుకున్నాను, అది చాలక ఇన్సులిన్ కూడా తీసుకున్నాను. అందుకే మా ఆమదాలవలస వైపు ఎవరికైనా కడుపుతో ఉన్నప్పుడు షుగర్ అని తేలితే మా ఇంటికి వస్తారు. అడిగేది ఒకటే: "వదినా, సూది తప్పదా? మాత్రతో గడిచిపోదా?"

ఆ మాటకి ముందు ఇంకొకటి చెప్తాను. ఇది నువ్వు తీపి తినేసినందుకు వచ్చిన జబ్బు కాదమ్మా. బిడ్డకి తిండి అందించే మాయ నుంచి కొన్ని హార్మోన్లు వస్తాయి. అవి తల్లి ఒంట్లో ఇన్సులిన్‌ని సరిగా పనిచేయనివ్వవు. నెలలు నిండేకొద్దీ ఈ అడ్డు పెరుగుతుంది. చాలామందికి క్లోమం ఇంకాస్త ఇన్సులిన్ తయారుచేసి నెట్టుకొస్తుంది. అలా నెట్టుకురాలేని వాళ్లకి షుగర్ పెరుగుతుంది. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గర్భిణి మొదటిసారి చూపించుకున్నప్పుడే ఒక పరీక్ష చెయ్యాలి. అది మామూలుగా ఉంటే 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చెయ్యాలి. 75 గ్రాముల గ్లూకోజ్‌ని 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి తాగిస్తారు. పరగడుపున వెళ్లాల్సిన పని లేదు. రెండు గంటల తర్వాత 140 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే షుగర్ ఉన్నట్టే. నాకు 156 వచ్చింది.

ముందు పథ్యం సంగతి. ఎవరికైనా మొదలు ఇదే. మా ఊళ్లో పథ్యం అంటే అన్నం మానేసి చోడి (రాగి) అంబలి తాగడం అనుకుంటారు. చోళ్లు మంచివే, వంద గ్రాముల్లో ఇంచుమించు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కానీ చోళ్లలోనూ పిండిపదార్థమే ఎక్కువ. మెత్తగా విసిరి, పలచగా ఉడికించి, పెద్ద గ్లాసుడు గటగటా తాగితే అది రక్తంలోకి తొందరగానే చేరుతుంది. ఉత్త అంబలి తాగిన రోజు రెండు గంటలకి నా మీటరులో 138 చూపించింది. చిన్న కప్పు అన్నంలో పప్పు, ఆనపకాయ కూర, ఒక గుడ్డు పెట్టుకుని తిన్న రోజు 112. అన్నమా, చోళ్లా అన్న తగువు కన్నా ఎంత తిన్నాం, దాంతో పాటు ఏం తిన్నాం అన్నదే పెద్ద సంగతి. పొద్దుటి పూట ఈ హార్మోన్ల జోరు ఎక్కువ. మధ్యాహ్నం ఏమీ చెయ్యని ఇడ్లీలే పొద్దున్న షుగర్ పెంచేస్తాయి. అందుకే టిఫిన్ తగ్గించుకుని, మూడు పూటలూ తిండి, మధ్యలో మూడుసార్లు చిన్న చిరుతిండి అని పంచుకున్నాను. తిన్నాక నాగావళి గట్టు మీద పావుగంట నడిచేదాన్ని.

బెల్లం విషయంలో మాత్రం మొహమాటపడొద్దు. పంచదార కాదు కదా, బెల్లం పరవాలేదు అంటారు పెద్దవాళ్లు. షుగర్‌కి రెండూ ఒకటే. సీమంతానికి తెచ్చిన చలిమిడి నోట్లో వేసుకోకపోతే పుట్టింటివాళ్లు నొచ్చుకుంటారని రెండు ముద్దలు తిన్నాను, ఆ రాత్రి అంకె చూసి భయం వేసింది. అంగన్‌వాడీ సరుకుల్లో రక్తం పట్టడానికని వచ్చే బెల్లం, చిక్కీ కూడా మనకి పనికిరావు. ఐరన్ మాత్ర మానకుండా వేసుకోవాలి, దానికి మునగాకు, తోటకూర తోడు చేసుకోవాలి.

ఒకటి మాత్రం చెయ్యకండి. అంకె తగ్గించాలని కడుపు మాడ్చుకోకండి. అలా చేస్తే మీటరులో అంకె బాగానే కనిపిస్తుంది గానీ బిడ్డకి అందాల్సింది అందదు.

పథ్యానికి గడువు రెండు వారాలు. ఈలోగా పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకి 120 లోపు వస్తే పథ్యమే మేలు, మందుతో పని లేదు. రాకపోతే ఇంకో నెల చూద్దాం అనకూడదు. తల్లి రక్తంలో ఉన్న షుగర్ మాయ దాటి బిడ్డకి చేరుతుంది. దాన్ని సర్దడానికి బిడ్డ క్లోమమే ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేస్తుంది, బిడ్డ భుజాల దగ్గర ఒళ్లు చేస్తుంది, కాన్పు కష్టమవుతుంది. బొడ్డు కోసేసరికి తల్లి నుంచి షుగర్ రావడం ఆగిపోతుంది. కానీ బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ ఇంకా ఉంటుంది, దాంతో పుట్టిన కాసేపటికే బిడ్డకి షుగర్ పడిపోవచ్చు.

ఇక మాత్రా, సూదా? మాత్ర అంటే మెట్‌ఫార్మిన్. మింగడం తేలిక, ఫ్రిజ్ అక్కర్లేదు, షుగర్ మరీ పడిపోతుందన్న భయం తక్కువ. మొదట్లో వికారం, విరేచనాలు ఉంటాయి, అన్నంతో పాటు వేసుకుంటే సర్దుకుంటాయి. మన ప్రభుత్వ మార్గదర్శకాల్లో దీన్ని 20 వారాలు దాటాకే మొదలుపెట్టమన్నారు. ఇది మాయ దాటి బిడ్డకి చేరుతుంది. 2008లో వెలువడిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అధ్యయనంలో మాత్రతో మొదలుపెట్టిన వాళ్లలో 46 శాతం మందికి తర్వాత ఇన్సులిన్ కూడా కలపాల్సి వచ్చింది. పుట్టినప్పుడు పిల్లలకి హాని ఎక్కువైనట్టు తేలలేదు. తొమ్మిదేళ్ల వయసులో చూసిన ఒక ఊరి పిల్లలు కాస్త బరువుగా ఉన్నారు, ఏడేళ్లకి చూసిన ఇంకో ఊరి పిల్లల్లో తేడా లేదు. ఆ 46 శాతంలో నేనూ ఒకదాన్నే అనుకోండి.

మన శ్రీకాకుళం జిల్లాకి సంబంధించిన మాట ఒకటి ఉంది. ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో మనకి తెలుసు. కిడ్నీ పని తగ్గినవాళ్లకి మెట్‌ఫార్మిన్ సరిపడదు. మీ పుట్టిల్లు అటువైపైతే, ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే, మాత్ర రాసే ముందే డాక్టరుగారికి చెప్పండి, కిడ్నీ పని ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడమనండి.

ఇన్సులిన్ మాయ దాటదు. గర్భంలో ఏ నెలలోనైనా ఇవ్వొచ్చు, అంకెని బట్టి మోతాదు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. నా ఓటు దీనికే. మా అత్తగారు "ఓలమ్మా, కడుపుతో ఉన్న పిల్లకి సూదులేటే! ఇంక జన్మంతా పొడుచుకోవాలి కాబోలు" అని ఏడ్చారు. అలా ఏం కాదు. ఇలా గర్భంతో వచ్చిన షుగర్‌కి మొదలుపెట్టిన సూది చాలామందికి కాన్పుతోనే ఆగిపోతుంది. సూది వెంట్రుకంత సన్నం, తొడకి పొడుచుకుంటే చీమ కుట్టినట్టు ఉంటుంది. చిక్కల్లా వేరే ఉంది. ఎండాకాలం మన ఊళ్లలో కరెంటు పోతే సీసా పాడవుతుంది. ఫ్రిజ్ లేని మా ఆడపడుచు చిన్న మట్టికుండలో నీళ్లు పోసి, అందులో మూత బిగించిన డబ్బాలో సీసా పెట్టుకునేది. డీప్ ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు, గడ్డకడితే పారేయాల్సిందే. రెండోది, సూది వేసుకున్నాక తిండి ఆలస్యం కాకూడదు. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ గ్లాసు నీళ్లలో కలుపుకుని తాగాలి. ఇంట్లో ఇంకొకరికి ఇది తెలిసుండాలి. నాకు అర్ధరాత్రి అలా అయితే నీళ్లు కలిపి పట్టింది ఆ ఏడ్చిన అత్తగారే.

సూది వేసుకోవడానికి ఇంట్లో తోడు లేక, సీసా దాచుకునే వీలు లేక మాత్ర ఎంచుకునేవాళ్లని నేను తప్పుపట్టను. మాత్రతో 120 లోపు వస్తే అదే చాలు. రాకపోయినా మాత్రనే పట్టుకు వేలాడటమే తప్పు.

కాన్పయ్యాక బిడ్డకి తేనె నాకించకుండా వెంటనే ముర్రుపాలు పట్టండి, ఆ మొదటి గంటల్లో దాని షుగర్ నిలబెట్టేవి అవే. బాలింత కాయంలో బెల్లం తగ్గించమని అమ్మకి ముందే చెప్పుకోండి. ఇంకో పరీక్ష ఉంది, మా వీధిలో దీన్ని మరిచిపోయిన వాళ్లే ఎక్కువ. కాన్పైన ఆరు వారాలకి మళ్లీ గ్లూకోజ్ తాగి చూపించుకోవాలి, ఈసారి పరగడుపున. బిడ్డకి నెలన్నర టీకాలు పడేదీ అప్పుడే. ఆ ఉదయం టీ కూడా తాగకుండా బయల్దేరితే రెండు పనులూ ఒక్క ప్రయాణంలో అయిపోతాయి.