వంగకుండా తొడుక్కునే షూ: అమ్మకి కొన్న స్కెచర్స్ స్లిప్-ఇన్స్ సంగతి

ముందే చెబుతున్నా, ఇది పరుగు పందేలకు వెళ్లేవాళ్ల కోసం రాస్తున్న రివ్యూ కాదు. మోకాళ్లు అరిగి, నడుం వంగక, అయినా పొద్దున్నే నడవక తప్పదని డాక్టర్ చెప్పిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లకి. స్పోర్ట్స్ షూల్లో కొత్త డిజైన్లు అనగానే అందరూ అడుగులో పెట్టే కార్బన్ ప్లేటు గురించీ, కొత్త రకం ఫోమ్ గురించీ, ఎన్ని గ్రాములు తగ్గించారన్న దాని గురించీ మాట్లాడతారు. 2023లో బెర్లిన్ మారథాన్‌ని టిగిస్ట్ అసెఫా 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లలో ముగించి మహిళల ప్రపంచ రికార్డు కొట్టినప్పుడు ఆమె తొడుక్కున్న అడిడాస్ షూ ఒక్కోటి 138 గ్రాములే, జత ధర 500 డాలర్లు. అది గొప్ప పనే, నాకూ ఆసక్తే. కానీ మా ఇంట్లో షూతో వచ్చిన చిక్కంతా లేసుల దగ్గరే, ఆ చిక్కు తీర్చిన డిజైన్ గురించి ఎవరూ ఇంత హడావిడి చెయ్యరు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

అమ్మకి అరవై దాటాయి. రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగింది, దానికి తోడు నడుం నొప్పి. మాది హనుమకొండ. పొద్దున పూట భద్రకాళి చెరువు కట్ట (బండ్) మీద నడుస్తుంది, అటు నుంచి అటే గుడికి వెళ్తుంది. మరి షూ ఎన్ని చోట్ల విప్పాలో చూడండి. గుడి బయట విప్పాలి, ఇంటికొస్తే గడప దగ్గర విప్పాలి, దారిలో మా పిన్ని వాళ్లింట్లోకి తొంగిచూస్తే అక్కడా విప్పాలి, ఆఖరికి మోకాళ్లు చూపించుకోవడానికి క్లినిక్కి పోయినా తలుపు పక్కన "పాదరక్షలు బయట విడవండి" అని బోర్డు. విప్పిన ప్రతిసారీ మళ్లీ వంగి లేసు కట్టుకోవాలి. కింద కూర్చుంటే లేవలేని మనిషికి, స్టూలు మీద కూర్చున్నా చెయ్యి పాదం దాకా అందని మనిషికి ఇది చిన్న కష్టం కాదు. ఎవరో ఒకరు పక్కనుండి కట్టాలి, లేదంటే ఆ పూట నడక మానెయ్యాలి. అమ్మ మానేసిన రోజులే ఎక్కువ ఉండేవి.

ఇక రెండో దారి మనందరికీ తెలిసిందే, మడమ తొక్కేసి చెప్పుల్లా ఈడ్చుకుంటూ నడవడం. ఏ పార్కుకైనా వెళ్లి చూడండి, వేలు పోసి పిల్లలు కొనిచ్చిన షూని ఇలా తొక్కుకుంటూ తిరిగే పెద్దవాళ్లు కనిపిస్తారు. మామూలు షూ వెనక భాగంలో, బయటి గుడ్డకీ లోపలి లైనింగుకీ మధ్య గట్టి ముక్క ఒకటి ఉంటుంది, హీల్ కౌంటర్ అంటారు. మడమ పక్కలకి జారకుండా పట్టి ఉంచేది అదే. తొక్కగా తొక్కగా అది విరుగుతుంది, విరిగాక లేసు ఎంత బిగించినా వెనక పట్టు ఉండదు, ప్రతి అడుగుకీ మడమ లేచి పడుతూ ఉంటుంది. మోకాళ్ల నొప్పున్న మనిషి అలాంటి షూతో మెట్లు దిగుతుంటే చూసేవాళ్లకే టెన్షన్. తప్పు పెద్దవాళ్లది కాదు, రోజుకి అన్నిసార్లు విప్పే ఇళ్లని దృష్టిలో పెట్టుకుని ఆ షూ తయారు కాలేదు.

స్కెచర్స్ అనే అమెరికా షూ కంపెనీ 2022లో తెచ్చిన స్లిప్-ఇన్స్ సరిగ్గా ఆ వెనక ముక్కనే మార్చింది. పైకి చూస్తే మామూలు వాకింగ్ షూయే, వెనక అంచు మాత్రం పైకి వెళ్లేకొద్దీ బయటి వైపుకి వంగి ఉంటుంది. షాపులో మడమ వెనక పెట్టి కాలు జార్చే రేకు ఉంటుంది కదా, ఆ పని ఇక్కడ షూయే చేస్తుంది. కొనేటప్పుడు బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కి చూశాను. పైన మెత్తటి అంచు కొంచెం అణిగింది, దాని కింద ఉన్న గట్టి భాగం మాత్రం కదల్లేదు, వేలు తియ్యగానే అంచు మళ్లీ లేచి నిలబడింది. లోపల, మడమకి కాస్త పైన కాలు సన్నబడే చోట ఒక మెత్త ఉంది, కంపెనీ దాన్ని హీల్ పిల్లో అంటోంది. పాదం జారి లోపల కూర్చున్నాక మడమ పైకి లేవకుండా ఆపేది ఆ మెత్తే. పైన లేసులు కనిపిస్తాయి గానీ మేం తీసుకున్న గో వాక్ రకంలో అవి సాగే లేసులు, ముడి వెయ్యాల్సిన పని లేదు. ఇదే పేరుతో మామూలు లేసులున్న మోడళ్లు కూడా వస్తున్నాయి కాబట్టి కొనేటప్పుడు చూసుకోండి.

తొడుక్కోవడానికి కొంచెం అలవాటు కావాలి. మొదట్లో అమ్మ పాదాన్ని నిలువుగా పైనుంచి దింపేది, అలా అయితే అంచు మీద మడమ ఆగిపోతుంది. వేళ్లు ముందుకి చాచి, పాదాన్ని ఏటవాలుగా లోపలికి తోసి, ఆఖర్న మడమని కిందికి నొక్కాలి. తలుపు చట్రం ఒక చేత్తో పట్టుకుని ఇప్పుడు అలాగే తొడుక్కుంటోంది. విప్పేటప్పుడు ఒక కాలి ముందు భాగంతో రెండో షూ వెనక అడుగుని నొక్కి పట్టి కాలు లాగేస్తుంది. కొన్న కొత్తలో "అన్ని పైసలు వెట్టి కొంటరా బిడ్డా" అని రెండు రోజులు సణిగింది. ఆ తర్వాత ఒక పొద్దున నేను అలవాటుగా వంగబోతే "నువ్వు రాకు, నేనే ఏస్కుంట" అంది. నాకు ఈ షూ గురించి ఇంతకంటే మంచి మాట చెప్పడం రాదు. ఎవరి మీదా ఆధారపడకుండా గడప దాటడమంటే ఏంటో ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

లేసుల గొడవ తీర్చాలని కంపెనీలు చాలా కాలంగా చూస్తున్నాయి. ప్యూమా 1968లోనే వెల్‌క్రో పట్టీతో షూ చేసింది. వెల్‌క్రో మేమూ వాడాం, కానీ వంగే పని దానితో తగ్గదు, పట్టీ లాగి అతికించడానికైనా చెయ్యి కింది దాకా వెళ్లాలిగా, పైగా చీర కుచ్చిళ్ల అంచు దానికి తగులుకుని పోగులు లేస్తాయి. నైకీ అయితే మోటారు పెట్టి తనంతట తనే బిగుసుకునే షూని 2016లో 720 డాలర్లకు అమ్మింది, 2019లో ఫోన్ యాప్‌తో నడిచే అడాప్ట్ బీబీ అనే షూని తెచ్చింది. వచ్చిన కొన్నాళ్లకే ఆండ్రాయిడ్ యాప్ ద్వారా వచ్చిన అప్‌డేట్‌తో కొందరి షూలు యాప్‌కి కనెక్ట్ కాకుండా పోయాయి, 2024లో ఆ యాప్‌నే యాప్ స్టోర్ల నుంచి తీసేశారు. షూ మీద బటన్లు పనిచేస్తాయి, నిజమే, కానీ ఛార్జింగ్ పెట్టి, యాప్ చూసుకుని నడిచే షూ మా అమ్మలాంటి వాళ్లకి ఏ రకంగానూ పనికిరాదు.

అదే నైకీ చేసిన ఇంకో పని మాత్రం నాకు చాలా నచ్చుతుంది. మాథ్యూ వాల్జర్ అనే అమెరికా కుర్రాడికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులో లోపం వల్ల కండరాల మీద పట్టు తగ్గే సమస్య, బట్టలన్నీ తనే వేసుకోగలిగినా లేసులు మాత్రం కట్టుకోలేడు. కాలేజీకి వెళ్తే రోజూ తన లేసులు ఎవరు కడతారన్న దిగులుతో 2012లో కంపెనీకి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం డిజైనర్ టోబీ హ్యాట్‌ఫీల్డ్ దాకా వెళ్లి, 2015లో మడమ చుట్టూ జిప్పు తిరిగే ఫ్లైఈజ్ షూ వచ్చింది. 2021లో వచ్చిన గో ఫ్లైఈజ్ అయితే ఇంకా అందమైన ఆలోచన, షూ మధ్యలో కీలు ఉంటుంది, విప్పినప్పుడు నోరు తెరుచుకుని నిలబడుతుంది, కాలు పెట్టి తొక్కితే మూసుకుంటుంది. బాధ ఏంటంటే మొదట్లో చాలా తక్కువ జతలు వదిలారు, వాటిని తిరిగి అమ్ముకునేవాళ్లు ఎగరేసుకుపోయి రేట్లు పెంచేశారు, నిజంగా అవసరమున్న వికలాంగులకి అందలేదని అప్పట్లో పెద్ద విమర్శ వచ్చింది. అమెరికాలోనే కిజిక్ అనే కంపెనీ కూడా నొక్కితే అణిగి మళ్లీ లేచే మడమతో స్లిప్-ఇన్స్ కంటే ముందు నుంచే షూలు చేస్తోంది. అంటే ఈ ఆలోచన స్కెచర్స్ ఒక్కరిదీ కాదు. మన ఊళ్ల షోరూముల్లో అడిగితే దొరికేది, పాదానికి వేసి చూసి కొనగలిగేది వీళ్లది, నేను దీన్ని ఎంచుకోవడానికి అదే కారణం.

ఇక నడక సంగతి. అడుగు తేలిక, కింద మెత్తగా ఉంటుంది, బండ్ మీద నడిచేటప్పుడు హాయిగా ఉందంటుంది అమ్మ. ఈ రకం షూ ఎవరికి వద్దో కూడా చెప్పాలి. సాగే లేసులు కాబట్టి మీకు కావలసినంత బిగించుకోవడం కుదరదు. పాదం సన్నగా ఉంటే వదులుగా, పైభాగం ఎత్తుగా ఉంటే బిగుతుగా అనిపిస్తుంది, సాయంత్రానికి కాళ్లు వాచేవాళ్లయితే ఆ టైములోనే వెళ్లి వేసి చూడాలి, వెడల్పు పాదాలకి వైడ్ ఫిట్ విడిగా ఉంటుంది, అడిగి తెప్పించుకోండి. పరిగెత్తేవాళ్లు, షటిల్ ఆడేవాళ్లు దీని జోలికి రావద్దు, పక్కకి గభాలున తిరిగే ఆటల్లో పాదాన్ని లేసు బిగించి పట్టాల్సిందే. జాలీ గుడ్డ కాబట్టి వానాకాలంలో నీళ్లు లోపలికి వస్తాయి. చాలా మోడళ్లని వాషింగ్ మెషీన్‌లో వెయ్యొచ్చు, దుమ్ములో నడిచే మనకి అది పెద్ద సుఖం.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమనిపించింది. చెయ్యి పెట్టకుండా తొడుక్కునే షూలోకి మనం తొంగి చూడం. లేసు కట్టే షూ అయితే చేతిలోకి తీసుకుంటాం, లోపల రాయి ఉంటే కనపడుతుంది. ఇది గడప పక్కనుంటుంది, కాలు పెట్టేస్తాం. షుగర్ ఉండి పాదాలకి స్పర్శ తగ్గినవాళ్లకి లోపల చిన్న గులకరాయి ఉన్నా తెలియదు, నడిచి వచ్చాక పుండు కనిపిస్తుంది. వానాకాలంలో మన ఇళ్ల వరండాల్లో జెర్రులు, తేళ్లు కూడా తిరుగుతాయి. అందుకే మా ఇంట్లో షూ నేల మీద పెట్టం, నడుం ఎత్తులో అరమీద పెడతాం, అమ్మ దాన్ని తీసి తిరగేసి దులిపి కింద వేసుకున్నాకే కాలు పెడుతుంది.

నకళ్ల గురించి రెండు ముక్కలు. స్లిప్-ఇన్స్ బాగా అమ్ముడవుతున్నాయని ఇప్పుడు బజారులో వెయ్యి రూపాయలకే "హ్యాండ్స్ ఫ్రీ" అని అమ్ముతున్నారు. మా బాబాయికి ఊళ్లో ఒక షాపులో అలాంటిది కొన్నాం. చూడ్డానికి వెనక అంచు అలాగే వంగి ఉంది, లోపల మాత్రం ఉత్త స్పాంజి, నెల తిరక్కుండా మడత పడిపోయి మళ్లీ పాత కథే, మడమ తొక్కుకుని నడవడమే. మార్చమని వెళ్తే వాడిన సరుకు వెనక్కి తీసుకోం అన్నారు. కంపెనీవి ఎక్కువ మోడళ్లు ఐదు వేలు దాటుతాయి, మన ఇళ్లలో అది తక్కువ డబ్బు కాదని నాకు తెలుసు, అందుకే మడమ భాగం నొక్కి చూడకుండా ఏ ధరలోనూ కొనొద్దంటున్నా.

పెట్టెల మీద రాసే ఆరోగ్యం మాటలకి మాత్రం డబ్బు పెట్టకండి. ఇదే స్కెచర్స్ ఒకప్పుడు షేప్-అప్స్ అని గుండ్రటి అడుగున్న షూ వేసుకుని నడిస్తే బరువు తగ్గుతారు, కండరాలు గట్టిపడతాయి అని ప్రకటనలు ఇచ్చి, ఆధారాల్లేవని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే 2012లో 4 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. స్లిప్-ఇన్స్ మోకాలి నొప్పి తగ్గించదు, తగ్గిస్తుందని ఎవరైనా సేల్స్‌మన్ అంటే నమ్మకండి. అది చేసే పని ఒక్కటే, వంగే పని తప్పిస్తుంది. పాదానికి ఆపరేషన్ అయినవాళ్లు, విడిగా సోల్ వేయించుకోమని డాక్టర్ రాసినవాళ్లు ఆయన్ని అడిగాకే తీసుకోండి.

కొనడానికి వెళ్తే పెద్దవాళ్లని తప్పకుండా తీసుకెళ్లండి, ఆన్‌లైన్‌లో సైజు చూసి తెప్పించకండి. చాలా షాపుల్లో కూర్చోడానికి చేతులు లేని పొట్టి స్టూళ్లే ఉంటాయి, మోకాళ్ల నొప్పున్నవాళ్లు వాటి మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టాలి, కాబట్టి మంచి కుర్చీ అడిగి వేయించుకోండి, అడిగితే వేస్తారు. సేల్స్ కుర్రాళ్లు మర్యాదకొద్దీ కింద కూర్చుని తామే తొడిగేస్తుంటారు, వద్దని చెప్పండి. అమ్మో నాన్నో నిలబడి, ఏ గోడనో పట్టుకుని, వాళ్లంతట వాళ్లే వేసుకుని విప్పగలగాలి, అదీ రెండు కాళ్లకీ. పది నిమిషాలు షాపులోనే నడిపించండి, వీలైతే మెట్లు దింపి చూడండి. మడమ లేస్తుంటే సైజు మార్చండి, మార్చినా లేస్తుంటే ఆ మోడల్ వదిలెయ్యండి.