మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో వింటర్ టైర్లు: ఒంటారియో రోడ్ల మీద ఎంతవరకు పనికొస్తాయి?

కెనడాలోని ఒంటారియోలో బ్రాంప్టన్, మిస్సిసాగా వైపు కొత్తగా వచ్చి కారు కొన్నవాళ్లు నవంబరు వచ్చేసరికి అడిగే మొదటి ప్రశ్న: "మాది ఆల్ వీల్ డ్రైవ్ కదా, మళ్లీ వింటర్ టైర్లు ఎందుకు?" ఇంజన్ బలాన్ని నాలుగు చక్రాలకూ పంపే ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి పనికొస్తుంది. ఆపడానికి కాదు. బ్రేకులు నాలుగు చక్రాలకూ ప్రతి కారులోనూ ఉంటాయి, రోడ్డును పట్టుకోవాల్సింది మాత్రం టైరు రబ్బరే. ఆ పట్టు కోసం కొనదగ్గ వాటిలో 2020లో మార్కెట్లోకి వచ్చిన ఈ ఎక్స్-ఐస్ స్నో ఒకటి. టయోటా కొరోలా, హోండా సివిక్ లాంటి చిన్న కార్లు మొదలుకొని టయోటా రావ్4, హోండా సీఆర్‌వీ లాంటి ఎస్‌యూవీల దాకా సైజులు దొరుకుతాయి.

మామూలుగా కారుతో పాటు వచ్చే ఆల్ సీజన్ టైరు రబ్బరు 7 డిగ్రీల కంటే కిందికి దిగేకొద్దీ బిగుసుకుపోతుంది. అందుకే మంచు పడని రోజున, పొడి రోడ్డు మీద కూడా పట్టు తగ్గుతుంది. వింటర్ రబ్బరు మైనస్ 20లోనూ మెత్తగా ఉంటుంది. ఇక గడ్డకట్టిన రోడ్డు సంగతి. అక్కడ జారేలా చేసేది ఐస్ పైన ఏర్పడే పల్చటి నీటి పొర. సున్నా డిగ్రీల దగ్గర అది ఎక్కువగా ఉంటుంది కాబట్టి మైనస్ 20 కంటే మైనస్ 1 రోజే ఎక్కువ ప్రమాదం. ఎక్స్-ఐస్ స్నో ట్రెడ్ (రోడ్డును తాకే గాళ్ల పొర) మీద వెంట్రుకవాసి చీలికలు వందల కొద్దీ ఉండి ఆ నీటిని తుడిచేస్తాయి. ట్రెడ్ అరుగుతున్నా ఆ చీలికలు లోతుగానే మిగిలి ఉండేలా చేశారు. దీనికి పోటీగా చెప్పుకునే బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్ డబ్ల్యూఎస్90లో ఐస్‌ను పట్టే ప్రత్యేక రబ్బరు ట్రెడ్‌లో పైన సుమారు సగం వరకే ఉంటుంది. కొత్తలో అది ఐస్ మీద చాలా బాగా ఆగుతుంది, మూడో చలికాలానికి ఆ తేడా తగ్గిపోతుంది. ఏడాదికి ఎక్కువ కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఎక్స్-ఐస్ స్నో నయం అనడానికి కారణం ఇదే. దీనికి 60,000 కిలోమీటర్ల ట్రెడ్ వారంటీ కూడా ఉంది.

లోపాలూ ఉన్నాయి. వర్షంలో, 8-10 డిగ్రీల వాతావరణంలో మంచి ఆల్ సీజన్ టైరు కంటే ఇది ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. పొడి హైవే మీద స్టీరింగ్ కాస్త మెత్తగా, ఆలస్యంగా స్పందిస్తుంది. ట్రెడ్ దిమ్మెలు మెత్తనివి కాబట్టి మలుపులో వంగుతాయి, అంతే. ఐస్‌లో దిగబడేలా టైరుకు కొట్టే ఇనుప మేకులు దీనికి కొట్టించుకునే వీలు లేదు. ఒంటారియో దక్షిణాన ఎలాగూ వాటికి అనుమతి లేదు. ఏప్రిల్ దాటినా తీయకుండా తిప్పితే రబ్బరు చకచకా అరిగిపోతుంది. టైర్లు దాచుకోవడానికి చోటు లేని అపార్ట్‌మెంట్ వాళ్లు ఏడాది పొడవునా వాడుకునే మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2 లాంటి ఆల్ వెదర్ టైరు చూసుకోవచ్చు. మంచు పరీక్షలో నెగ్గిన టైర్లకు వేసే గుర్తు, అంటే మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు, దాని మీదా ఉంటుంది. మంచులో బాగానే వెళుతుంది, గట్టి ఐస్ మీద మాత్రం ఎక్స్-ఐస్ స్నోకు సాటి రాదు. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అన్న అక్షరాలు మాత్రమే ఉన్న టైరును వింటర్ టైరు అని నమ్మకండి.

డబ్బు ఆదా చేద్దామని ముందు రెండే మార్చడం అసలు వద్దు. ముందు చక్రాలు పట్టుకుని, వెనకవి జారితే, బ్రేకు వేసిన క్షణంలో లేదా మలుపులో బండి వెనక భాగం గిర్రున తిరిగిపోతుంది. నాలుగూ మార్చాలి.

రిమ్ములు విడిగా కొనడం మంచిది. ఒకే రిమ్ము మీద ఏటా రెండుసార్లు టైరు ఊడదీసి ఎక్కిస్తే ప్రతిసారీ కూలి, బ్యాలెన్సింగ్ ఖర్చు, టైరు అంచు దెబ్బతినే ప్రమాదం. 19 అంగుళాల చక్రాలతో వచ్చిన రావ్4కు చలికాలంలో 17 అంగుళాల రిమ్ముకు సరిపోయే 225/65 ఆర్ 17 సైజు పెట్టించుకుంటే టైరు ధరా తగ్గుతుంది, గుంతల్లో రిమ్ము వంగే భయమూ తగ్గుతుంది. కొనేముందు రెండు విషయాలు అడగండి. హోండా సొంత అల్లాయ్ రిమ్ములకు గుండ్రటి అంచు నట్లు వాడతారు, బయట కొన్న రిమ్ములకు ఎక్కువగా శంకువు ఆకారపువి కావాలి. పాత నట్లే బిగిస్తే అవి సరిగ్గా కూర్చోక వదులవుతాయి. రెండోది టైరు ప్రెజర్ సెన్సర్లు. ఈమధ్య సివిక్, సీఆర్‌వీలలో చక్రంలో సెన్సర్ ఉండదు, మెనూలో క్యాలిబ్రేట్ చేస్తే చాలు. టయోటాల్లో సెన్సర్లు లేకపోతే డ్యాష్‌బోర్డు మీద లైటు చలికాలమంతా వెలుగుతూనే ఉంటుంది.

ఇంట్లోనే బిగించుకునేవాళ్లు ముందు హబ్ (చక్రం ఆనుకుని కూర్చునే లోహపు భాగం) మీది తుప్పును వైరు బ్రష్‌తో శుభ్రంగా గీకాలి. తుప్పు మీద కూర్చున్న చక్రం కొన్నాళ్లకు వదులవుతుంది. ఈ టైరుకు తిరిగే దిశ ఉంది, పక్కగోడ మీద బాణం ముందుకు తిరిగేలా చూసుకోవాలి. నట్లు ఎదురెదురుగా, నక్షత్రం ఆకారంలో, ఎంత బలంగా బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో బిగించాలి: కొరోలా, రావ్4కు 103 న్యూటన్ మీటర్లు, సివిక్, సీఆర్‌వీకి 108. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించి చూడాలి. వెచ్చటి గ్యారేజీలో 20 డిగ్రీల దగ్గర 33 పీఎస్ఐ గాలి కొడితే మైనస్ 15లో అది 27 దాకా పడిపోతుంది. ప్రతి 5-6 డిగ్రీలకు సుమారు ఒక పీఎస్ఐ లెక్క. గాలి ఎప్పుడూ చల్లటి టైరులోనే చూడాలి. ట్రెడ్ 4 మిల్లీమీటర్లకు దిగితే ఇక మంచులో పనికిరాదు.

ఎంత మంచి టైరైనా అసలు తుపానులో చేయగలిగింది తక్కువ. సివిక్ పొట్ట కింద ఖాళీ ఐదు అంగుళాలకు కాస్త ఎక్కువ. మంచు అంతకంటే పేరుకుంటే బండి పొట్ట మంచు మీద ఆనుతుంది, చక్రాలు గాలిలో తిరిగినట్టే. 2022 డిసెంబరులో సరస్సుకు అవతల అమెరికాలోని బఫెలో నగరాన్ని ముంచెత్తిన తుపానులో అధికారులు బండ్లు తిప్పడాన్నే నిషేధించారు. బయల్దేరక తప్పకపోతే ఒంటారియో రోడ్ల పరిస్థితి చెప్పే 511 సేవలో రోడ్డు చూసుకోండి. డిక్కీలో పార, దుప్పటి, మైనస్ 40 రకం వాషర్ ద్రవం ఉంచుకోండి. వేసవి ద్రవం ట్యాంకులోనే గడ్డకడుతుంది. ఇరుక్కుపోతే ఇంజన్ వేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయాలి. అది పూడుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి వస్తుంది, దానికి వాసన ఉండదు. గంటకు పది నిమిషాలు హీటరు వేసుకుని, కిటికీ ఓ వేలెడు తెరిచి ఉంచండి.

క్యూబెక్‌లో అక్కడ రిజిస్టరైన బండ్లకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. ఒంటారియోలో తప్పనిసరి కాదు గానీ, 2016 నుంచి ఇన్సూరెన్స్ కంపెనీలు వీటికి రాయితీ ఇవ్వాలి. అడగకపోతే చాలాసార్లు రాదు, రసీదు దాచుకోండి. మొదటి మంచు పడ్డాక టైర్ల షాపుల్లో వరుస రెండు మూడు వారాలకు సాగుతుంది, కావలసిన సైజూ అయిపోతుంది. అక్టోబరు మధ్యలోనే బుక్ చేసుకుని, పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే నంబరులో తయారీ వారం, ఏడాది చెప్పే చివరి నాలుగు అంకెలు చూసి తీసుకోండి. 3525 అంటే 2025లో 35వ వారం తయారైన టైరు.