కాలువ గట్టు మీద పేరు మార్చి తెరిచిన బార్ అండ్ రెస్టారెంట్: హాలుకి అడ్వాన్సు కట్టేవాళ్ళు జాగ్రత్త

ముందే చెప్పేస్తాను, తర్వాత మీ ఇష్టం. ఆ కౌంటర్ మీద అంటించిన స్కానర్‌కి రూపాయి కూడా కొట్టకండి. నిన్న రాత్రి మా ఇంటిల్లిపాదినీ మెట్ల దగ్గర నిలబెట్టి మాట్లాడిన మాటలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. కోపం దిగకుండా రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకోండి.

పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. పాలకొల్లు, భీమవరం మధ్య తిరిగేవాళ్ళకి కాలువ గట్టు, కింద బార్, పైన ఫ్యామిలీ సెక్షను, ఆడవాళ్ళకి బార్‌లోంచి వెళ్ళకుండా పక్కనుంచి వేరే మెట్లు అంటే చాలు. మొన్నమొన్నటిదాకా బాబాయ్ గారు నడిపిన బార్. ఆయన దగ్గర హాలు బుకింగ్ అంటే పొడుగు నోట్‌బుక్కులో పెన్సిల్‌తో తేదీ రాసుకోవడమే. అడ్వాన్సు ఇస్తానంటే "డబ్బులెక్కడికి పోతాయిలే" అనేవారు. కొరమేను పులుసు కోసం తాగనివాళ్ళు కూడా వెళ్ళిన బార్ ఇంకోటి ఉంటే చెప్పండి.

తర్వాత సంగతి మీకు తెలిసిందే. ఆంధ్రప్రదేశ్‌లో పాత బార్ లైసెన్సుల గడువు అయిపోయింది, 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త పాలసీ, మూడేళ్ళ లైసెన్సు, లాటరీ. నాలుగు దరఖాస్తులైనా వస్తే గానీ డ్రా తీయరని రూలు పెట్టడంతో చాలాచోట్ల ఆలస్యమైంది. బాబాయ్ గారు ఈ వయసులో నావల్ల కాదని పక్కకి తప్పుకున్నారు. లైసెన్సు ఇంకొకరికి వచ్చింది, బిల్డింగు వాళ్ళకే అద్దెకిచ్చారు. కార్తీక మాసం వెళ్ళగానే రంగు లైట్లు, ఇంగ్లీషు పేరు, డీజే బాక్సులు, గుమ్మంలో నల్ల టీషర్టులు వేసుకున్న ఇద్దరు బౌన్సర్లు. మన ఊరి బార్‌కి బౌన్సర్లు! గట్టంతా ఫ్లెక్సీలు కట్టారు: "అదే వంటవాళ్ళు, అదే రుచి, సరికొత్త యాజమాన్యం." ఇందులో నిజమైన ముక్క చివరిదొక్కటే.

మా బావగారు కువైట్ నుంచి మూడేళ్ళ తర్వాత పండక్కి వచ్చారు. అక్క నాలుగు రోజులూ పొయ్యి దగ్గరే ఉంటోంది, ముక్కనుమ రాత్రి ఒక్క పూటయినా అందరం బయట తిందామన్నది నా ఐడియా. సంక్రాంతి వారంలో భీమవరం చుట్టుపక్కల గది దొరకడమే గగనం, ఇక హాలెక్కడ దొరుకుతుంది? అందుకే పండక్కి బాగా ముందే వెళ్ళి మాట్లాడాను.

ఆ రోజు కౌంటర్లో మేనేజరని ఒక కుర్రాడు. పక్క కుర్చీలో కొత్త ఓనరు, కాలు మీద కాలు వేసుకుని టీ తాగుతున్నాడు. హాలు ఉందన్నారు, ఎనిమిది వేలు అడ్వాన్సన్నారు. రసీదు అడిగాను. అడిగానండీ, అడగకపోలేదు. ఓనరే నవ్వుతూ, "పాత కస్టమరు మీరు, మీకూ మాకూ రసీదులేంటండీ. మావాడే, కొట్టేయండి" అన్నాడు. స్కాన్ చేస్తే బార్ పేరు కాదు, ఎవరో మనిషి పేరు పడింది. చూసి కూడా కొట్టాను. నేను ఎం.కాం., రైసుమిల్లులో లెక్కలు రాస్తాను. ఊళ్ళోవాళ్ళ లెక్కలు బాగానే రాస్తాను.

ఇక నిన్నటి సంగతి. అత్తయ్య, మావయ్యగారు, అక్కావాళ్ళు, పిల్లలు, అందరం రెండు ఆటోల్లో దిగాం. పైనుంచి ఈలలు, కేకలు. మెట్లెక్కి చూస్తే మా హాల్లో కోడిపందేల బ్యాచ్. బరిలో కొట్టుకొచ్చిన డబ్బు కాబోలు, టేబుల్ మీద కట్టలు కట్టలుగా ఉంది. వెయిటర్‌ని అడిగితే కిందికి చూపించాడు. ఓనరు మెట్ల దగ్గరికొచ్చాడు.

"ఏటండీ?"

"హాలు మేం బుక్ చేసుకున్నాం కదండీ, ఈ రోజుకి."

"ఎవరి దగ్గర?"

"మీ దగ్గరే. మీ మేనేజరుకి ఎనిమిది వేలు కొట్టాను, మీరు పక్కనే ఉన్నారు."

"వాడు మానేశాడండీ. భోగి ముందే మానేశాడు."

సరే, మానేశాడు. మనుషులు ఉద్యోగాలు మానేస్తారు. ఫోన్ తీసి పేమెంటు చూపించాను. నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు, కళ్ళ దగ్గర పెట్టుకుని నింపాదిగా చదివాడు, మళ్ళీ నా చేతిలో పెట్టి అన్నాడు కదా: "ఇందులో మా బార్ పేరెక్కడుందండీ? ఎవరికి పంపారో వాళ్ళనే అడగండి. మీరూ మీరూ ఏం మాట్లాడుకున్నారో నాకేం తెలుసు?"

"కొట్టమన్నది మీరే కదండీ" అన్నాను.

"నేనా?" అని చుట్టూ చూశాడు, సాక్షులున్నారా అన్నట్టు. తర్వాత, "మీరు పాత కస్టమరంట కదా. పాత ఓనర్ని అడిగి చూడండి" అన్నాడు. వెనక బౌన్సర్లిద్దరూ నవ్వారు. బుకింగ్ రోజు రసీదు ఎగ్గొట్టడానికి వాడిన మాటనే నిన్న నా మొహాన కొట్టాడు. ఎనిమిది వేలు పోతే పోయాయనుకుంటాను, ఆ నవ్వు మాత్రం మర్చిపోలేను.

అప్పటికీ మావయ్యగారు, డెబ్బై దాటిన మనిషి, చేతికర్ర పక్కన పెట్టి, "బాబూ, పిల్లలు ఆకలితో ఉన్నారు, ఏదో ఒక మూల సర్దు" అని బతిమాలుకున్నట్టు అడిగారు. దానికి జవాబు: "పెద్దాయనా, మెట్ల మీద నిలబడకండి, సర్వీసు ఆగిపోతోంది." అండీ లేదు, గారూ లేదు. గోదావరి జిల్లాలో పుట్టి ముసలాయనతో ఆ మాట అన్నాడు. బావగారు ఏమీ అనలేదు. పరాయి దేశంలో పడ్డ మాటలు చాలక ఇక్కడ కూడానా అన్నట్టు నా వైపు ఒక చూపు చూశారు, అంతే.

ఆ టైముకి ఊళ్ళో ఎక్కడా ఖాళీ లేదు. కింద బార్ పక్కన గోడకి ఆనించి టేబుళ్ళు జరిపారు, పిల్లలు డీజే బాక్సు పక్కన కూర్చుని తిన్నారు. అక్క చీర కొంగు చెవులకి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

మెనూ గురించి ఒక ముక్క చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మొదటి పేజీలోనే "స్పెషల్ పులస పులుసు". జనవరిలో! గోదావరికి ఎర్రనీళ్ళు తగిలి, సముద్రంలోంచి ఇలస ఏటికి ఎదురీదితేనే అది పులస, అదీ వరదల నెలల్లోనే. ఇది మన దగ్గర బడి పిల్లలకీ తెలుసు. ఇది ఎక్కడిదని అడిగితే వెయిటర్ కుర్రాడు "ఫ్రెష్షేనండీ, పొద్దున్నే బాక్సు దిగింది" అన్నాడు పాపం. ఆ బాక్సు ఏ రాష్ట్రం నుంచి దిగిందో నేను అడగలేదు. పుస్తెలమ్మి పులస తినమన్నారు గానీ, పుస్తెలమ్మి ఐసులో పెట్టిన ఇలస తినమని ఎవరూ అనలేదు. ఇక టైగర్ రొయ్య అని పెట్టింది వనామీ, అంటే చవక రకం చెరువు రొయ్య. చెరువుల మధ్య పుట్టి పెరిగినవాళ్ళకే వనామీని టైగరని పెట్టాడంటే ఆ ధైర్యానికి దండం పెట్టాలి.

బిల్లొచ్చింది. తిండి 9,840. మందు 5,600. దాని మీద పది శాతం సర్వీసు ఛార్జి 1,544. మొత్తం కలిపి దాని మీద 5 శాతం జీఎస్టీ 849. వెరసి 17,833. కాగితం పైన "ఎస్టిమేట్" అని ఉంది, జీఎస్టీ నంబరు లేదు. అంటే జీఎస్టీ వసూలు చేస్తారు, నంబరు మాత్రం చూపించరు. ఇక్కడ నా ఎం.కాం. నిద్ర లేచింది.

సర్వీసు ఛార్జి బిల్లులో దానంతటదే కలపకూడదని 2022 జులైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ చెప్పింది. హోటళ్ళవాళ్ళు కోర్టుకెళితే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. ఇష్టమైతే మనం ఇస్తాం, లేకపోతే లేదు. మందుకైతే అసలు జీఎస్టీయే లేదు. అది జీఎస్టీ బయట ఉంది, వ్యాట్ కిందికి వస్తుంది. కాబట్టి జీఎస్టీ పడాల్సింది తిండి మీద మాత్రమే, 492 రూపాయలు. ఇదంతా చెబితే ఓనరు "మీరు లాయరా?" అన్నాడు. సర్వీసు ఛార్జి కొట్టేశాడు. జీఎస్టీ మాత్రం మందుతో కలిపే 772 ఉంచి, 16,212 కట్టమన్నాడు. తేడా 280 రూపాయలకి ఇంత గొడవా అంటారేమో. ఒక్కో టేబుల్‌కి అంత చొప్పున ఏడాది పొడుగునా లెక్కేసుకోండి. మన సైజు ఊళ్ళల్లో, అంటే యాభై వేల నుంచి 5 లక్షల జనాభా ఉన్నచోట, బార్‌కి ఏడాది ఫీజు 55 లక్షలు. అంత కట్టేవాడికి నా ఎనిమిది వేలతో పనేంటా అనుకున్నాను గానీ, ఆ 55 లక్షలు ఎక్కడినుంచి రాబట్టాలనుకుంటున్నాడో బిల్లు చూశాక అర్థమైంది.

అసలు విషయం ఇక్కడుంది, ఇది మాత్రం నెమ్మదిగా చదవండి. డబ్బు కట్టడానికి కౌంటర్ దగ్గరికెళ్ళాను. స్కానర్ ముందుకి తోశాడు. స్కాన్ చేశాను. అదే పేరు పడింది. భోగి ముందే మానేసిన మేనేజరు పేరు!

"ఈయన మానేశాడన్నారు కదండీ?"

"స్కానర్ మార్చలేదండీ, టైము లేదు."

"అయితే ఇందులో పడే డబ్బులు మీకే వస్తున్నాయి కదా?"

"వస్తాయండీ."

"మరి నా ఎనిమిది వేలు?"

"అది వేరు, ఇది వేరు."

అది వేరు, ఇది వేరు! అదే మనిషి, అదే అకౌంటు, అదే స్కానర్. నేనిచ్చినప్పుడు ఎవడో పరాయివాడు, బిల్లు కట్టేటప్పుడు సొంతమనిషి. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. ఆ స్కానర్‌కి కట్టను, కార్డు మెషీను తెమ్మన్నాను. లేదన్నాడు. గట్టిగా అడిగితే సొరుగులోంచి తీశాడు. ఎనిమిది వేలూ తగ్గించి కడతానంటే బౌన్సర్లు దగ్గరికొచ్చి నిలబడ్డారు. చిన్నపిల్ల అక్క భుజం మీద నిద్రపోయింది, మావయ్యగారు "కట్టేసి వచ్చెయ్యి నాయనా" అన్నారు. కట్టేశాను. కార్డు స్లిప్పు మీద ఇంకో పేరు, బార్ పేరూ కాదు, మేనేజరు పేరూ కాదు. ఒక్క బార్‌కి ఎన్ని పేర్లో.

పొద్దున్నే బాబాయ్ గారికి ఫోన్ చేశాను, పాత ఓనర్ని అడగమన్నాడు కదా. ఆయన అంతా విని, "వాడు మానేయడమేంట్రా, ఓనరు బావమరిది వాడు. ఎక్కడికి పోతాడు?" అన్నారు. కాసేపాగి ఆ డబ్బులు నేనిస్తాలే అన్నారు. ఆయన ఎందుకిస్తారు, నేనెందుకు తీసుకుంటాను.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింటు రాయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్లో 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు ఎప్పుడైనా వేయొచ్చు. రెండు స్క్రీన్‌షాట్లు, ఎస్టిమేట్ కాగితం, కార్డు స్లిప్పు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఎనిమిది వేల కోసం తిరగడమేంటని ఇంట్లో అంటున్నారు. ఎనిమిది వేల కోసం కాదు.

మీకు చెప్పేది పెద్దగా లేదు. చేతులు మారిన చోట పాత నమ్మకం పెట్టుకోవద్దు, కౌంటర్లో తెలిసిన మొహం ఉన్నా సరే. స్కాన్ చేయగానే మనిషి పేరు వస్తే ఆపేయండి. అడ్వాన్సుకి రసీదు, దాని మీద తేదీ, సంతకం ఉండాలి. బిల్లు మీద 37తో (అది మన ఆంధ్రప్రదేశ్ కోడ్) మొదలయ్యే జీఎస్టీ నంబరు లేకపోతే జీఎస్టీ కట్టనని చెప్పండి. తాగేవాళ్ళుంటే తిండి బిల్లు వేరు, మందు బిల్లు వేరు అడగండి.

ఉగాదికనో, పుట్టినరోజులకనో ఆ హాలు ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్ళు మీలో ఉండే ఉంటారు. ఇప్పుడే ఫోన్ తీసి మీ అడ్వాన్సు ఎవరి పేరు మీదికి వెళ్ళిందో చూడండి. అదే పేరైతే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి కంప్లయింటు ఇద్దాం. ఒక్కడినైతే "మీరూ మీరూ మాట్లాడుకున్నారు" అంటాడు, పదిమందితో ఆ మాట అనలేడు.